శంకితుల యప్పగింతయు లోకాభిప్రాయమును

శరణు సొచ్చినవానిని వెంట దఱిమి వచ్చినవాని కప్పగింపవచ్చునా యను ప్రశ్న భారతీయులకు క్రొత్తది కాదు. శిబిచక్రవర్తి నాశ్రయించిన పావురమును డేగ తన యాహారమని యడిగెను. ఆ రాజు పావురము నీయలేదు. డేగ యాకలి యసత్యమనియు ననలేదు. త్రాసు తెప్పించి యిరువుర హక్కులను తూచెను. గయోపాఖ్యానమున నడచిన తీరు వేఱు. ఆకాశమార్గమున బోవుచు గయుడను గంధర్వుడు ఉమిసిన తాంబూలము, అర్ఘ్య మిచ్చుచున్న శ్రీకృష్ణుని దోసిట బడెను. కృష్ణుడు వానిని వధింతునని ప్రతిన పట్టెను. గయుడు అర్జునుని శరణు వేడెను. తఱుముచున్నవా డెవ్వడో తెలియకమునుపే అర్జును డభయ మిచ్చి, పిదప మాట తప్పజాలక ప్రాణసఖునితోనే యుద్ధమునకు నిలిచెను. చిలకమర్తి లక్ష్మీనరసింహకవి యీ కథను నాటకముగా రచింపగా, అది ఆంధ్రదేశమున నూరూర నాడబడి జనుల నోళ్ల నానెను.

ఆ నాటకము వన్నె కెక్కిన కాలముననే తెలుగుసీమవా డొకడు నిజముగా పరరాజ్యమున బట్టుబడి, తన్ను వెదకుచున్న ప్రభుత్వమున కప్పగింపబడెను. ఒంగోలునుండి పడమటగా చీమకుర్తి, పొదిలి మీదుగా కనిగిరికి బోవు త్రోవ యంతయు మెట్టసీమ. ప్రత్తియు మిరపయు పండించుకొని బ్రదుకు నీ ప్రాంతమునుండి సముద్రములు దాటి పోయిన తొలితరమువారిలో దరిశి చెంచయ్య యొకడు. గయుని కొఱకు కంట తడి పెట్టిన ప్రేక్షకులకు చెంచయ్య చెఱ యట్లు తెలియవచ్చినది కాదు. అట్లేల జరిగెను? శంకితుల యప్పగింతలో లోకాభిప్రాయమునకు గల బల మెంత, దాని దోష మెట్టిది? ఈ విషయము చరిత్రదృష్టితో విచారింపదగినది.

శబ్దవిచారము

ఒక దేశమున నేరము చేసెనని చెప్పబడినవాడు మఱియొక దేశమున దొరకినప్పుడు, ఆ రెండవ దేశము వానిని విచారణకై మొదటి దేశమున కిచ్చుట యప్పగింత. దీనిని కొందఱు అపరాధిప్రత్యర్పణ మని సంస్కృతీకరించిరి. ఆ సమాసమున నొక చిక్కు గలదు. అపరాధి యనగా అపరాధము గలవాడు. మత్వర్థమున వచ్చిన ఇనిప్రత్యయము, దోషము వానియందు సిద్ధముగా నున్నదని చెప్పును. శంకితశబ్ద మట్టిది కాదు. కర్మార్థమున వచ్చిన క్తప్రత్యయముచేత శంకింపబడినవాడని యర్థము. శంకకు ఆశ్రయము శంకించువాడే కాని శంకింపబడినవాడు కాడు. శిక్ష పడిన పిమ్మట పాఱిపోయినవాని మాట విడిచినచో, అప్పగింపబడువాడు విచారణకు బోవుచున్నవాడే కావున, ఆ సమయమున నతడు శంకితుడే గాని యపరాధి గాడు. లోకవ్యవహారమున నీ భేదము నిలుచుట యరుదు. పట్టుబడెనన్న వార్త విన్నంతనే దోషియని కొందఱును, తమవాడైనచో నిర్దోషియని కొందఱును నిశ్చయించుకొందురు. రెండును విచారణకు ముందు చేసిన నిశ్చయములే.

అప్పగింతకును వెడలగొట్టుటకును గల భేదమును గూడ గుర్తింపవలయును. అప్పగింతకు రాజ్యముల నడుమ నొడంబడిక, న్యాయస్థానపు విచారణ, ప్రథమదృష్టికి నిలుచు సాక్ష్యము అవసరములు. ఆ పని రెండు దేశముల చట్టములలోను నేరమై యుండవలయును. ఏ నేరమునకై యప్పగింపబడెనో దానికి మాత్రమే విచారింపవలయును. రాజకీయనేరమునకై యప్పగింపరాదు. ఇవి సామాన్యముగా గానవచ్చు కట్టుబాట్లు. వెడలగొట్టుట కివి యక్కఱలేదు. పరదేశీయుడు తమకు వలదని ప్రభుత్వము పంపివేయును. అయిన నతని నెక్కించిన యోడ యే రేవున నిలుచునో దానినిబట్టి వెడలగొట్టుట యప్పగింతయే యగును. శంకితుల చరిత్రలో పెక్కు సంఘటనము లీ రెండవ త్రోవనే నడచినవి.

ఐరోపాలో నియమము పుట్టిన విధము

రాజకీయనేరస్థుని నప్పగింపరాదను నియమము పందొమ్మిదవ శతాబ్దిన ఐరోపాలో బలపడెను. అది బలపడుటకు పండితుల గ్రంథములతోపాటు వీథులలోని జనుల యభిప్రాయమును గారణమే. 14 జనవరి 1858న పారిస్ నగరమున ఓర్సీని యను ఇటలీదేశీయుడును వాని యనుచరులును మూడవ నెపోలియను బండిపై బాంబులు విసరిరి. చక్రవర్తి బ్రదికెను, దారిన నున్నవారిలో ఎనమండుగురు మరణించిరి. బాంబులు ఇంగ్లండున బర్మింగ్‌హాములో చేయబడినవని తెలిసి ఫ్రాన్సు మండిపడెను. ప్రధాని పామర్‌స్టన్ ఫ్రాన్సును తృప్తిపఱచుటకై, ఇట్టి కుట్రలను గట్టిగా శిక్షించు బిల్లును దెచ్చెను. పరరాజు బెదరింపునకు లొంగి తమ చట్టము మార్చుటయా యని ఆంగ్లప్రజ కోపించెను. ఫిబ్రవరిలో బిల్లు వీగిపోయెను, మంత్రివర్గము దిగిపోయెను. ఓర్సీనికి దోడ్పడెనని నేరము మోపబడిన సైమన్ బెర్నార్డును లండనులోని పంచాయతీదారులు ఏప్రిలులో నిర్దోషియని విడిచిరి.

ఆ జనఘోష పండ్రెండేండ్లకు చట్టమున గూడ గానవచ్చెను. 1870వ సంవత్సరపు బ్రిటిషు అప్పగింత చట్టము రాజకీయస్వభావము గల నేరమునకై యెవ్వరిని నప్పగింపరాదని శాసించెను. అయిన రాజకీయనేర మన నేమి? చట్టము నిర్వచింప లేదు. 1890లో స్విట్జర్లాండునుండి వచ్చిన కాస్తియోనీ వ్యవహారమున, ప్రజల తిరుగుబాటులో భాగముగా జరిగిన హత్య రాజకీయమేయని ఆంగ్ల న్యాయమూర్తు లతని నప్పగింపరైరి. 1894లో ఫ్రాన్సునకు చెందిన మ్యూనియే వ్యవహారమున, ఏ పక్షము రాజ్యాధికారమును గోరక సర్వప్రభుత్వములకు విరోధియై ఫలాహారశాలలో బాంబు పెట్టుట రాజకీయము గాదని యప్పగించిరి. రాజ్యముతో పోరాడువాడు వేఱు, దారిని బోవువానిని జంపువాడు వేఱు అను విభాగ మీ రెండు తీర్పులవలన నేర్పడెను. నేటికిని వాద మీ గీత చుట్టునే తిరుగుచున్నది.

బెల్జియము అంతకుముందే, 1856లో, రాజ్యాధినేతను గాని వాని కుటుంబమును గాని హత్యచేయుట రాజకీయనేరముగా నెన్నబడదని చట్టము చేసికొనెను. ఫ్రాన్సు చక్రవర్తి ప్రయాణముచేయు రైలుబండిని పేల్చివేయ యత్నించిరన్న నిందతో బెల్జియమున దొరకినవారి వ్యవహార మందులకు గారణమైనది. ప్రబలుడైన పొరుగువాని యెదుట చిన్నరాజ్యము తన నియమమును సడలించుకొనుటకు ఇదొక తొలి యుదాహరణము. ఇంగ్లండు బలవంతమైన రాజ్యము గావున ప్రజలమాట చెల్లించుకొనెను. బెల్జియమునకు పొరుగురాజ్యముయొక్క మాటయు వినవలసి వచ్చెను.

తెలుగునేలపై రెండు ప్రభుత్వములు

అప్పగింత ఐరోపాకు మాత్రమే చెందిన మాట కాదు. తెలుగుదేశమునందే కృష్ణ కీవల నావల రెండు ప్రభుత్వము లుండెను. గుంటూరు సీమలో నేరము చేసినవాడు ఏఱు దాటినచో నిజామురాజ్యమున నుండువాడు. అందుచేత 1867లో బ్రిటిషు ప్రభుత్వమునకును హైదరాబాదు ప్రభుత్వమునకును అప్పగింత యొడంబడిక జరిగెను. 1903లో భారతప్రభుత్వము ఇట్టి వ్యవహారములకై ప్రత్యేకముగా నొక చట్టము చేసెను.

నిజాము ప్రజయగు మహమ్మదు యూసుఫుద్దీను ననువానిని సిమ్లా మెజిస్ట్రేటు వారంటుతో హైదరాబాదు రాజ్యములోని రైలుస్టేషనులో బట్టుకొనగా, ఆ వ్యవహారము ప్రీవీకౌన్సిలువఱకు బోయెను. రైలుదారికి సంబంధించిన యధికారమునే నిజాము బ్రిటిషువారి కిచ్చెను గాని, వేఱొకచోటి నేరమునకై తన ప్రజను పట్టుకొను హక్కు నీయలేదని 1897లో తీర్పు వచ్చెను. చక్రవర్తిప్రభుత్వమైనను పరుల నేలపై వారంటు చెల్లించుటకు హద్దు గలదని నాటి యున్నతన్యాయపీఠమే చెప్పెను. ఈ తీర్పు నాటికి శంకితుడు నోరులేనివాడు గాడు. వకీళ్లను బెట్టుకొని వ్యవహారము నడుపుటకు సమయమును సామర్థ్యమును వానికి గలిగెను. తరువాతి వృత్తాంతములలో నీ సమయమే ప్రధానముగా గానవచ్చును.

మార్సేలు రేవు

1910లో జరిగిన సావర్కరు వ్యవహారము లోకమంతట మ్రోగెను. నాసికు కలెక్టరు జాక్సను 21 డిసెంబరు 1909న హత్యచేయబడెను. అందు ప్రేరణమునకును, రాజద్రోహమునకును వినాయక దామోదర సావర్కరు లండనులో బట్టుబడి, మోరియా యను నోడపై హిందూదేశమునకు బంపబడుచుండెను. ఇది యప్పగింత కాదు. ఒకే సామ్రాజ్యములోని రెండు భాగముల నడుమ 1881వ సంవత్సరపు చట్టముచొప్పున జరిగిన పంపకము. 8 జూలై 1910న ఓడ మార్సేలు రేవున నుండగా నతడు కిటికీనుండి దూకి యీదుకొని ఫ్రెంచినేల జేరెను. ఫ్రెంచి పోలీసువాడు పట్టుకొని, వెంట వచ్చిన కాపలావారికే యతని నప్పగించెను. అంతయు కొన్ని నిమిషములలో ముగిసెను.

ఫ్రాన్సులో కలకలము పుట్టెను. జ్యాఁ జోరెసు నడపుచున్న 'లుమానితే' పత్రికయు, సామ్యవాదులును, శరణార్థిని తమ నేలనుండి గొనిపోవుట ఫ్రాన్సు గౌరవమునకు భంగమని యెలుగెత్తిరి. ఫ్రెంచి ప్రభుత్వ మతనిని దిరిగి యిమ్మని యడుగక తప్పినది కాదు. రెండు ప్రభుత్వములు 25 అక్టోబరు 1910న వివాదమును హేగులోని మధ్యవర్తిన్యాయస్థానమునకు విడిచిరి. 24 ఫిబ్రవరి 1911న వచ్చిన తీర్పున, పట్టి యిచ్చుటలో క్రమభంగము జరిగినదని యొప్పుకొనబడెను. అయిన దానివలన ఇంగ్లండు ఖైదీని దిరిగి యీయవలసిన బాధ్యత లేదని తేల్చబడెను. అప్పటికే సావర్కరునకు ద్వీపాంతరశిక్ష పడియుండెను. లోకాభిప్రాయము బలముగానే పలికెను. పలుకుట కార్యము జరిగిన పిదప. రేవులో గడచిన యా కొన్ని నిమిషములను ఏ న్యాయపీఠమును వెనుకకు ద్రిప్పజాలకపోయెను.

అదే ఫ్రాన్సు దక్షిణహిందూదేశమున గల తన స్థలములలో మఱియొక తీరున వర్తించెను. సుబ్రహ్మణ్యభారతి 1908లోను, అరవిందఘోషు, వి. వి. ఎస్. అయ్యరు 1910లోను పుదుచ్చేరి జేరిరి. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆషు మణియాచ్చి స్టేషనులో చంపబడిన పిదప బ్రిటిషు గూఢచారు లా యూరిని చుట్టుముట్టిరి. ఐనను వీరు బ్రిటిషువారి చేతికి జిక్కలేదు. పుదుచ్చేరిలో వారు బహిరంగముగా నుండిరి. వారెవ్వరో ఊరివా రెఱుగుదురు. అట్టివారిని రాత్రికి రాత్రి మాయముచేయుట సులభము గాదు.

సయాములో తెలుగువాడు

దరిశి చెంచయ్య 1890లో జన్మించెను. స్వస్థలమైన కనిగిరి నాడు నెల్లూరు జిల్లాలోనిది. పొరుగున చీమకుర్తి గల ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలో జేరెను. ఈ రెండు తాలూకాలు 1970లో ఒంగోలు ముఖ్యస్థానముగా నేర్పడిన జిల్లాలో నొక్కటి యయ్యెను. చెంచయ్య 1912లో ఉన్నతవిద్యకై అమెరికా కేగి కాలిఫోర్నియా జేరెను. ఆ తీరమున పంజాబునుండి వచ్చిన కూలీలును రైతులును వేలకొలది యుండిరి. లాలా హరదయాళుని ప్రేరణమున 1913లో గదరు పక్ష మేర్పడెను. 1 నవంబరు 1913న సాన్ ఫ్రాన్సిస్కోనుండి దాని పత్రిక వెలువడసాగెను. గదరనగా తిరుగుబాటు, పేరులోనే పక్షపు సంకల్పము దాచబడక యున్నది. ఆ పక్షమున జేరిన తెలుగువారిలో చెంచయ్య ముఖ్యుడు.

1914లో ఐరోపా యుద్ధము పుట్టగానే గదరువారు స్వదేశమునకు మరలి సైన్యములను ద్రిప్పవలయునని యెంచిరి. జర్మనీ ధనమును ఆయుధములను సమకూర్ప బూనెను. పంజాబు ప్రయత్నము 1915 ఫిబ్రవరిలో వెల్లడియై విఫలమయ్యెను. రెండవ త్రోవ బర్మా. సయాము ఉత్తరదేశమున రైలుదారి వేయుచుండిరి. అందు జర్మను ఇంజనీర్లును పంజాబు పనివారును గలరు. అచ్చట మనుష్యులను గూర్చి సరిహద్దు దాటి బర్మాలో జొరబడవలయునని యాలోచన. చెంచయ్య ఈ పనికై 1915లో సయాము జేరెను. అక్కడ నతడు పట్టుబడి బ్రిటిషువారి చేత జిక్కెను. వాంకూవరు గురుద్వారమున గ్రంథిగా నుండిన బల్వంతసింగును సయాములోనే పట్టుబడి యప్పగింపబడి, 1917లో లాహోరున నురిదీయబడెను. చెంచయ్యకు ప్రాణము దక్కెను గాని యుద్ధము ముగియువఱకును చెఱసాలలే నివాసము లయ్యెను.

చెంచయ్య యేమియు నెఱుగని యమాయకుడని చెప్పుట చరిత్రకు ద్రోహము. సాయుధమైన తిరుగుబాటునకు దోడ్పడుటకే యతడు వచ్చెను. దానిని తరువాత దాచుకొనలేదు. బ్రిటిషు ప్రభుత్వ మట్టివారిని అరాజకులనెను. ఈనాటి మాటలో ఉగ్రవాదు లనుటయే. విచార్యము వేఱు. ఆ కార్యము రాజ్యముతో పోరాటమా, కాదా? కాస్తియోనీ తీర్పు చొప్పున జూచిన నది రాజకీయమే. ఇంగ్లండునకును సయామునకును 4 మార్చి 1911న జరిగిన అప్పగింత యొడంబడిక 1870 నాటి చట్టమునకు లోబడినది. ఆ చట్టము రాజకీయనేరమును మినహాయించినది. సయాము నాటికి తటస్థరాజ్యము. అది యుద్ధమున జేరినది 22 జూలై 1917న. తటస్థరాజ్యమున నుండి, పోరాడుచున్న రాజ్యమునకు విరోధులైనవారు ఆ రాజ్యమున కీయబడిరి. నియమమును సిద్ధాంతమును కాగితముపై నుండగనే యిది జరిగెను.

సయాము పాలకులను మాత్రమే నిందించుట న్యాయము గాదు. 1909వ సంవత్సరపు సంధిచేత ఆ రాజ్యము కెడా, కెలంతాను, త్రెంగాను, పెర్లిసు నాలుగింటిపై తన యధికారమును ఇంగ్లండునకు విడిచి, బదులుగా బ్రిటిషు ప్రజలపై తన న్యాయస్థానముల యధికారమును గొంత సంపాదించుకొనెను. ఒకవైపు బర్మా, ఒకవైపు మలయా ఇంగ్లండువి. తూర్పున ఇండోచైనా ఫ్రాన్సుది. బెల్జియము 1856లో నున్న స్థితికంటె దాని స్థితి కష్టతరము. అట్టి ప్రభుత్వము వెనుక దీయగలిగిన దన్న, అట్టి సమయమున జనఘోష యొక్కటే సాకు కావలసియుండెను. ఆ ఘోష యెచ్చటనుండియు రాలేదు.

తెలుగునాట నభిప్రాయము చెప్పు సాధనములు లేకపోలేదు. మచిలీపట్టణమున కృష్ణాపత్రిక 1902నుండి నడచుచుండెను. ఆంధ్రపత్రిక 1 ఏప్రిలు 1914న మద్రాసున దినపత్రిక యయ్యెను. 1913లో బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ కూడి భాషారాష్ట్రవాదమును లేవనెత్తెను. అయిన 1910వ సంవత్సరపు ముద్రణచట్టము పత్రికల మెడపై కత్తివలె నుండెను. 1915 మార్చిలో వచ్చిన భారతరక్షణచట్టమువలన విచారణ లేక నిర్బంధించుటకు ప్రభుత్వమున కధికారము గలిగెను. యుద్ధకాలపు వార్తలపై కాపలా సరేసరి. బాంగ్‌కాకునుండి కనిగిరికి వార్త వచ్చుటకే దారి లేదు.

వార్త వచ్చినను ఫలమేమై యుండునో చెప్పుట కష్టము. 1914 డిసెంబరులో మద్రాసున జరిగిన కాంగ్రెసు సభకు గవర్నరు పెంట్లండు ప్రభువు స్వయముగా విచ్చేసెను. సభ రాజభక్తిని ప్రకటించెను. నాయకులలో పెక్కురు యుద్ధమున ఇంగ్లండునకు దోడ్పడినచో స్వపరిపాలనము లభించునని నమ్మియుండిరి. అట్టివారు జర్మనీ ధనముతో వచ్చిన తిరుగుబాటుదారుని రక్షింపుమని సయాము నడుగుదురా? చెంచయ్యకు ద్రోహము చేసినది పరదేశీయుల మౌనమే కాదు, స్వదేశీయుల నాటి నిశ్చయమును. అతని స్వీయచరిత్ర 'నేనూ నా దేశం' వెలువడునప్పటికి దేశము స్వతంత్రమయ్యెను, చదివినవారు మెచ్చిరి. 1915లో దక్కవలసిన విచారణను ఆ మెప్పు దెచ్చి యీయలేదు. చెంచయ్య 1964లో గతించెను.

జపానులోను అమెరికాలోను

ఆ సంవత్సరముననే జపానులో దీనికి మాఱుగా నొక వృత్తాంతము నడచెను. రాసవిహారి వసువు లాహోరు కుట్ర విఫలమైన పిదప 1915లో జపాను జేరెను. ఇంగ్లండు మిత్రరాజ్యమగుటచే జపాను ప్రభుత్వము నవంబరు చివర అతనిని, హేరంబలాల గుప్తుని వెడలి పొండని యాజ్ఞాపించెను. కొద్దిదినములే గడువు. ఆ గడువులో బయలుదేఱు నోడ యెక్కినచో బ్రిటిషువారి చేతికి జిక్కుట నిశ్చయము. పత్రికలు ప్రభుత్వమును దూషించెను. తోయామా మిత్సురు ననుచరులు వారిని దాచిరి. నాకమురయా యను రొట్టెల యంగడి యజమానులగు సోమా దంపతులు తమ యింట నాశ్రయ మిచ్చిరి. కొన్ని నెలలకు ఆజ్ఞ యుపసంహరింపబడెను. తోయామా జపాను విస్తారమును గోరిన యుగ్రజాతీయవాది. అతడు శరణ మిచ్చుటలో ధర్మ మెంతయో, ఆంగ్లవిరోధ మెంతయో విడదీసి చెప్పరాదు. శరణార్థికి మాత్రము ఫల మొక్కటే. సయామునకును జపానునకును గల భేదము చట్టములో లేదు. గడువుగా నిచ్చిన దినములలోను, ఆ దినములలో నోరు విప్పిన జనులలోను గలదు.

అమెరికాలో నభిప్రాయము కాలమునుబట్టి మూడు రూపులు దాల్చెను. 1914 మార్చిలో హరదయాళును అరాజకుడని వెడలగొట్టుటకై పట్టుకొనిరి. జామీనుపై వెలువడి యతడు స్విట్జర్లాండున కేగెను. 1917లో అమెరికా యుద్ధమున జేరగానే గాలి మాఱెను. 1917 నవంబరునుండి 1918 ఏప్రిలువఱకు సాన్ ఫ్రాన్సిస్కోలో గదరువారిపై విచారణ జరిగెను; చివరి దినమున న్యాయస్థానముననే గదరు నాయకుడు రామచంద్ర కాల్చబడెను. శిక్ష పడినవారిని, శిక్ష తీరినవెనుక, హిందూదేశమునకు బంపివేయవలయునను ప్రయత్నము మొదలయ్యెను. అప్పుడు, 1919లో, భారతస్వాతంత్ర్యమిత్రసంఘ మేర్పడెను. ఆగ్నెస్ స్మెడ్లీ మొదలగువారు దానికై పనిచేసిరి. కార్మికసంఘములు తీర్మానములు చేసెను. ఐర్లండునుండి వచ్చి స్థిరపడినవారు, తమ వారికిని ఇంగ్లండుతో నిదే తగవు గావున, అండగా నిలిచిరి. తారకనాథదాసు మొదలగువారిని బంపివేయు ప్రయత్నము విఫలమయ్యెను.

ఒకే జనులు, ఒకే శంకితులు, నాలుగైదేండ్లలో మూడభిప్రాయములు. దీనినిబట్టి లోకాభిప్రాయము నమ్మదగినది కాదని యనవచ్చును. కాని యది గాలివంటిదైనను, గాలి వీచుటకు కిటికీ తెఱచియున్న దేశమున శంకితునకు మార్పు కొఱకు వేచియుండుట కవకాశ ముండెను. విచారణయు, అప్పీలును, జామీనును గలచోట నేటి కోపము రేపు చల్లాఱువఱకు కార్యము నిలిచియుండును. సయాములో నట్టి నిలుపుదల లేదు.

ఈ కాలపు స్థితి

ఇప్పుడు త్రాసు తట్టలు మాఱినవి. నాడు హిందూదేశీయులు పరదేశములలో శంకితులు. నేడు శంకితుల నిమ్మని యడుగుచున్నది భారతదేశము. 1962లో మన పార్లమెంటు అప్పగింత చట్టము చేసెను. రాజకీయనేరమునకై యప్పగింపరాదను నియమము అందును గలదు. ఏ నేరములు రాజకీయములుగా నెన్నబడవో 1993వ సంవత్సరపు సవరణము ఒక పట్టికలో జేర్చెను. ఐరోపా దేశములు 1977లోను, ఐక్యరాజ్యసమితి 1997లోను, బాంబుపేలుళ్ల విషయమున రాజకీయమను సాకు చెల్లకుండ నొడంబడికలు చేసికొనెను. మ్యూనియే తీర్పు జయించి, కాస్తియోనీ తీర్పు వెనుకకు దగ్గినట్లయ్యెను.

అప్పగింతలును జరిగినవి. 1993వ సంవత్సరపు బొంబాయి పేలుళ్లలో నిందితుడగు అబూ సలేమును పోర్చుగల్ 2005 నవంబరులో నిచ్చెను. మరణశిక్షగాని, ఇరువదియైదేండ్లకు మించిన చెఱగాని యుండదని మాట పుచ్చుకొని యిచ్చెను. కోపించినవా రుండిరి. ఐనను 2022లో సర్వోన్నతన్యాయస్థానము, ఇచ్చిన మాటను కేంద్రప్రభుత్వము చెల్లింపవలసినదే యని చెప్పెను. 2008 నవంబరులో 166 మంది ప్రాణములు గొన్న బొంబాయి దాడి విషయమున, డేవిడ్ హెడ్లీ నేర మొప్పుకొని, తన్ను భారతదేశమున కప్పగింపరాదని అమెరికా ప్రభుత్వముతో నియమము చేసికొనెను. అతనికి 2013లో ముప్పదియైదేండ్ల శిక్ష పడెను. అదే వ్యవహారమున తహవ్వూర్ రాణా, అమెరికా న్యాయస్థానములలో నేండ్లతరబడి వాదించి యోడిపోయిన మీదట, 10 ఏప్రిలు 2025న ఢిల్లీకి దేబడెను. ఆలస్యమునకు జనులు విసిగిరి. చెంచయ్య కథ యెఱిగినవారికి ఆ యాలస్యపు విలువ తెలియును.

తెలుగువారి గాయములును గలవు. 25 ఆగస్టు 2007న హైదరాబాదున లుంబినీ వనమునందును గోకుల్ చాట్ అంగడియొద్దను జరిగిన పేలుళ్లలో 42 మంది చనిపోయిరి. 21 ఫిబ్రవరి 2013న దిల్‌సుఖ్‌నగరున రెండు బాంబులు పేలి, బస్సులకై నిలిచిన జనులు బలియైరి. నిందితులలో నిద్దఱు ఆ యేటి ఆగస్టు చివర నేపాళపు సరిహద్దున పట్టుబడిరి. 2016 డిసెంబరులో ప్రత్యేకన్యాయస్థాన మైదుగురికి మరణశిక్ష విధించెను. 8 ఏప్రిలు 2025న తెలంగాణ ఉన్నతన్యాయస్థానము దానిని స్థిరపఱచెను. అట్టివారిని ఏ దేశము దాచినను ఇచ్చివేయవలయునని తెలుగువారు గోరుట సహజము, న్యాయము. బస్సుకొఱకు నిలిచినవానిని జంపుట రాజ్యముతో పోరాటము గాదు. చెంచయ్య నీ హంతకులతో నొకేగాటను గట్టుట యెంత తప్పో, ఆతని పేరు చెప్పి వీరికి శరణము గోరుటయు నంత తప్పే.

ఈ రెండు గుంపులను వేఱుచేయువా రెవ్వరు? వేఱుచేయు సాధన మేది? కోపముగాని యభిమానముగాని వేఱుచేయజాలదు. 1915లో బ్రిటిషువారికి బల్వంతసింగును బాంబువేయువాడును నొక్కటే. అభిమానులకు తమవా డేమి చేసినను వీరుడే. సాక్ష్యమును బరిశీలించు న్యాయాధిపతి, వాదించుట కొక వకీలు, ఆలోచించుటకు గొంత గడువు, ఏ నేరమునకో చెప్పిన పత్రము — ఇవియే వేఱుచేయునవి. వీనిని తమవానికి మాత్రము గోరువా రర్జునునివలె ముందభయమిచ్చి పిదప విచారింతురు. ఎదిరివానికి వీనిని నిరాకరించువారు డేగపక్షము వహింతురు. శిబి చేసినది పావురమును బ్రతికించుట మాత్రమే కాదు. డేగ హక్కును గూడ నదే త్రాసులో బెట్టుట.

లోకాభిప్రాయమునకు చేయదగిన పని యిదియే యని పై వృత్తాంతములవలన దేలుచున్నది. ఎవనిని ఇయ్యవలయునో, ఎవని నీయరాదో కేకలతో నిర్ణయించుట దాని పని కాదు. ఆ నిర్ణయము న్యాయస్థానపు ద్వారము దాటకుండ జరుగరాదని పట్టుబట్టుట దాని పని. 1858లో లండనుజనులు చేసినది కొంతవఱ కదియే. 1910లో ఫ్రెంచిజనులు చేయబూనిరి గాని సమయము మించెను. 1915లో కనిగిరి, పొదిలి, చీమకుర్తి జనులకు చేయుటకే తెలియదు. ఈ నాటివారికి తెలియకపోవుట యన్న సాకు లేదు. పరదేశమున దొరకిన నిందితుని వెంటనే తెచ్చి శిక్షింపవలయునని యడుగునప్పుడు, ఆ మాటయే సయాములో చెంచయ్య విషయమున జెల్లించుకొనబడినదని జ్ఞప్తియందుంచుకొని, విచారణను గూడ నడుగుట తెలుగువారికి ధర్మము.